టేపు చక్రాలు

"మళ్లీ మొదటినుంచి పెట్టండి. మేడం ఇప్పుడే వచ్చారు" అన్నారు రామలింగేశ్వరరావు గారు.

కౌసల్య క్యాసెట్టు వెనక్కి తిప్పింది. ఎం.ఫిల్. సీటు ఒక్కటే ఉంది. బయట బెంచీ మీద దానికోసం ఇంకా కొందరు కూర్చుని ఉన్నారు. పగలు పటాన్‌చెరు బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం కిక్కిరిసిన బస్సులో నిలబడి వచ్చి, భాషాశాస్త్రంలో పార్ట్‌టైం డిప్లొమా చదివింది ఈ సీటు కోసమే.

"ఎవరి గొంతు?" అడిగింది కమలాకుమారి మేడం.

"మా అవ్వది మేడం. మా అమ్మ, ఆగమ్మ. చిట్కుల్‌లో కూలికి పోయేది."

మీట నొక్కగానే ఆగమ్మ గొంతు గది నిండా పరుచుకుంది.

"షురూ అయిందా? నడుమల నువ్వేం మాట్లాడవా బిడ్డా?"

"మాట్లాడనవ్వా. నువ్వు ఆగినా నేను ఊకనే కూసుంట. మా సారు గట్లనే చెప్పిండు."

"మంచి సారే. నన్ను ఆపకుంట మాట్లాడనిచ్చినోళ్లు ఇంతదాంక లేరు. మీ నాయినకైతే జెర చెప్పమను గీ ముచ్చట."

మేడం పకపకా నవ్వింది. రావుగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆ నియమం ఆయనదే. మాట్లాడేవాళ్ల మొహంలోకి చూడొద్దు, సిగ్గుపడతారు. టేపు చక్రాలను చూస్తూ కూర్చోవాలి. వాళ్లు ఎక్కడ ఆగినా నోరు తెరవొద్దు. తరగతిలో ఈ మాట ఆయన ఎన్నిసార్లు చెప్పారో.

"ఇగ సచ్చిపోత అనిపించిందా అవ్వా, ఎప్పుడన్న?" టేపులో కౌసల్య అడిగింది.

"చూశారా మేడం, ఈ ప్రశ్న వేస్తే ఎవరైనా యాస దాచుకోవడం మరిచిపోతారు" అన్నారు రావుగారు.

"ఎందుకనిపించలే! వానలు పడ్డంక కంపిని పక్క చేన్ల కలుపు తీస్తున్న. పసుప్పచ్చటి పొగ అచ్చింది. గొంతుల నిప్పులు పోసినట్టే." ఆగమ్మ గట్టిగా దగ్గి చూపింది. "ఒడ్డు మీద పడ్డ. కండ్లు చీకట్లు. నువ్వు గింతంత పోరివి. 'నీళ్లు బిడ్డా, జెర నీళ్లియ్యే' అన్న. బాయికాడికి ఉరికినవ్. చెంబుల ముంచుకొచ్చి సగం తొవ్వలనే ఒలకవోసినవ్. గా సగం తాగినంక పానం లేసొచ్చింది. నేను నిన్ను కనుడేంది, నువ్వే నన్ను కన్నవ్. ఇప్పుడు సూడు, పంతులమ్మవై, అవ్వ మొఖం సూడకుంట డబ్బ దిక్కు సూస్తున్నవ్!"

"నటించి చూపిస్తూ చెబుతోంది" అంది మేడం, కళ్లు తుడుచుకుంటూ.

"ఎప్పుడూ అంతే మేడం. కల్లు దుకాణం ముచ్చట చెప్తే తూలి చూపించేది." కౌసల్య చెయ్యి మీట దగ్గరికి పోయింది. "కథ అయిపోయింది. ఆపనా?"

"ఆపొద్దు. అసలుది ముందుంది" అన్నారు రావుగారు.

చెయ్యి వెనక్కి వచ్చింది. టేపులో కాసేపు మాట లేదు. దూరంగా ఏదో ఫ్యాక్టరీ సైరన్. తరవాత ఆగమ్మ గొంతు, ముద్దముద్దగా:

"నీళ్లు... బిడ్డా... జెర నీళ్లియ్యే..."

చెంబు దొర్లిన చప్పుడు. ఆ తరవాత ఏమీ లేదు. క్యాసెట్టు అయిపోయి మీట టక్కున పైకి లేచేదాకా చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

"అబ్బ!" అంది మేడం. "గొంతు కూడా మార్చేసింది."

"గొప్ప కథకుల లక్షణమే అది. కథ ముగిశాక అందులోని ప్రాణంలాంటి మాటను మళ్లీ పలికి వదిలేస్తారు" అన్నారు రావుగారు. "మిగతావాళ్లంతా తమ టేపుల్లో ఇక్కడే పాడుచేశారు. మనిషి ఆగగానే ఏమైందంటూ అడ్డుపడ్డారు. ఈ అమ్మాయి చివరిదాకా తలెత్తలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేసినది ఈమె ఒక్కతే. సీటు మీకేనమ్మా."

కౌసల్య తల వంచుకుని ఉంది. ఆగిపోయిన చక్రాల మీదినుంచి చూపు తిప్పలేదు.

"మీ అమ్మగారిని ఒకసారి తీసుకురండి" అంది మేడం. "ఎదురుగా కూర్చుని వినాలని ఉంది."

"లేదు మేడం. పోయింది."

"అయ్యో" అంది మేడం. "గొంతయినా మిగుల్చుకున్నారు. అదీ అదృష్టమే."

"ఆ రెండోసారి నీళ్లు అడగడం ఉందే, మీ పరిశోధన అక్కడే మొదలుపెట్టండి" అన్నారు రావుగారు, కాగితం మీద సంతకం చేస్తూ. "కథలో లీనమై చెప్పడం అంటే ఏమిటో అందరికీ వినిపిద్దాం."

కౌసల్య క్యాసెట్టు బయటికి తీసి చీరకొంగుతో తుడిచింది.

"రెండోసారి అడిగింది కథలో కాదు సార్."