మొదటాయన గుంజలు

గుడ్డ పందిరి మూడోసారి కూలింది. ఈసారి సరిగ్గా టైలర్ భార్యకి మొదటి పెళ్లి తరఫు ఆడపడుచు నెత్తి మీదే కూలింది.

"మా తమ్ముడు చేసిన గుంజలైతే గాలివానకి కూడా చెక్కుచెదిరేవి కావు!" కాఫీ కప్పు ఒలకకుండా పట్టుకుని, గుడ్డ కింద నుంచే అందావిడ.

టైలర్‌కి ఒళ్లు భగ్గుమంది. ఆ తమ్ముడు పోయి నాలుగేళ్లయింది. ఆయన భార్యని టైలర్ పెళ్లి చేసుకుని ఏడాది కావస్తోంది. బతికున్న మనిషైతే ఎదురుగా నిలబడి పోట్లాడొచ్చు, పోయినవాడితో ఏం పెట్టుకుంటాం? పైగా ఆయన అక్కగారు, సరస్సు ఒడ్డున రెండు రోజులు గాలి మార్పుగా ఉంటుందని, మొదటిసారి ఈ వ్యానెక్కి వాళ్లతో వచ్చింది.

వ్యాను కూడా ఆయనదే. లోపలి మంచం, పొయ్యి గట్టు, కప్పులు తగిలించే కొక్కేలు, అన్నీ మొదటాయన చేతి పనే. టైలర్ అందులో అద్దెకున్నవాడిలా ఒదిగి కూర్చునేవాడు. అందుకే ఈ పందిరి కోసం పంతం పట్టాడు. చారల గుడ్డ తనే కుట్టాడు. ఒక అంచు వ్యానుకి బిగిస్తే, ముందు రెండు మూలలకీ రెండు గుంజలు చాలు. ఈ పూట తన భార్య తన చేత్తో వేసిన నీడలో కూర్చోవాలి. ఈ వ్యాను మొత్తంలో ఆ నీడ ఒక్కటైనా తనదై ఉండాలి.

గుడ్డకి వంక పెట్టడానికి లేదు. తంటా అంతా గుంజలతోనే. నేల తుడిచే కర్ర ఒకటి, కరెంటు వైర్లు దూర్చే ప్లాస్టిక్ గొట్టం ఒకటి తీసుకున్నాడు. గొట్టం వంగకుండా లోపల చీపురుకర్ర దోపాడు. రెండింటి కొసల్లోనూ మేకులు దిగ్గొట్టి గుడ్డ రింగుల్లోకి ఎక్కించాడు. అంతా బాగానే ఉంది గానీ, ఇరవయ్యేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? కుట్టుకి వదిలినట్టు గొట్టానికి అంగుళన్నర ఎక్కువ వదిలి కోశాడు. దాంతో ఒక మూల ఎత్తై పందిరి పక్కకి ఒరిగిపోతోంది.

"అదేం కొలతయ్యా? గొట్టానికి కూడా అంచు మడిచి కుడతావా?" అని ఆడపడుచు విరగబడి నవ్వింది.

భార్య నవ్వలేదు. "పోనివ్వండి, వ్యాన్లోనే కూర్చుందాం" అంది.

"అసలు ఆయన చేసినవి ఏమయ్యాయి?" అన్నాడు టైలర్.

"ఎక్కడో పోయాయండీ."

"పోనీ ఎలా ఉండేవో చెప్పు, అలాగే చేస్తాను."

"నాకు గుర్తులేదు" అని మొహం తిప్పుకుంది.

"నీకు లేకపోతే నాకుందమ్మాయ్" అందుకుంది ఆడపడుచు. "ఊరెళ్లిన ప్రతిసారీ ఫోన్లో చెప్పేదానివి కాదూ? 'పందిరి ఇసుమంత కూడా కదల్లేదు వదినా, అంతా మీ తమ్ముడి పనితనం' అని."

మీ తమ్ముడి పనితనమట! టైలర్ చేతిలోని గొట్టాన్ని కింద పడేశాడు. తను కుట్టిన బట్టల గురించి ఈ ఏడాదిలో ఒక్కరికైనా ఫోన్ చేసి చెప్పిందా ఈ మనిషి?

లాగి కట్టడానికి తాడు కావాలంటూ విసవిసా వ్యాన్లోకి వెళ్లాడు. మంచం పలక ఎత్తి, పెట్టెలు ఒక్కొక్కటే పక్కకి తోశాడు. అడుగున, గోడవారగా, పాత దుప్పటిలో చుట్టిన పొడుగాటి మూట కనిపించింది. మూడు చోట్ల ముళ్లు. ఆ ముళ్లు భార్య వేసినవేనని చూడగానే తెలిసింది. తడిమి చూశాడు. గట్టిగా, గుండ్రంగా తగిలింది.

భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది.

"పోయాయన్నావుగా!" అన్నాడు.

ఆమె గబగబా తలుపు మూసింది. "మెల్లిగా. వదిన వింటుంది."

"విననీ. నా చెయ్యి తగిలితే మైలపడతాయని దాచావా?"

"అది కాదండీ."

"పోయినాయన కర్రల్ని పక్క కింద పెట్టుకుని పడుకుంటున్నావన్నమాట. మరి నేనెందుకు?" తనెంత చిల్లరగా మాట్లాడుతున్నాడో అతనికి తెలుస్తూనే ఉంది, అయినా నోరు ఆగలేదు.

ఆమె కింద కూర్చుని ముళ్లు విప్పింది. దుప్పటి మడతలు తొలిగాక గుంజ బయటపడింది. చిత్రిక పట్టి నునుపుదేల్చిన కర్ర, కొసన ఇత్తడి తొడుగు, పొడుగు తగ్గించుకోవడానికీ పెంచుకోవడానికీ వరసగా బెజ్జాలు. చూడముచ్చటగా ఉంది. తలకిందులుగా తపస్సు చేసినా తను ఇలాంటిది చెయ్యలేడు. టైలర్ మొహం వాడిపోయింది.

"బాగుంది" అన్నాడు ఎలాగో కూడదీసుకుని. దుప్పటి ఎత్తి దులిపాడు. ఇంకేమీ పడలేదు. "రెండోదేదీ?"

"ఇది కనిపిస్తే వదిన కూడా ఆ మాటే అడుగుతుంది. అందుకే దాచాను. ఆవిడకి తమ్ముడంటే ప్రాణం."

"సరే, రెండోదేది మరి?"

"లేదు. ఆయన చేసింది ఒక్కటే."

"ఒక్కటేనా? మరి రెండో మూలకి?"

బయట ఆడపడుచు ఇద్దరినీ కేకేస్తోంది. భార్య గుంజని మళ్లీ దుప్పటిలో చుడుతూ, తల ఎత్తకుండా అంది.

"'ఇంకోటెందుకు, నువ్వున్నావుగా, పట్టుకో' అనేవారు."