ఎర్ర వైరు

తరిగొప్పులలో రేణుక మెకానిక్ షెడ్డు ముందు ఆ ముసలాయన నిలబడడం అదే మొదటిసారి.

చేతిలో గుడ్డసంచి. కళ్లు మాత్రం లోపలున్న మోరిస్ మైనర్ కారు మీద.

రేణుక పానా కింద పెట్టి గబగబా వాకిట్లోకి వచ్చింది. నెల కింద ఒకడు ఇట్లాగే చూసిపోతానని వచ్చి ముందు లైటు రింగు ఊడబీక్కుపోయాడు.

"నా మొగని బండి. అమ్మేది లేదు," అంది, అతడు అడగకముందే.

ముసలాయన ఆమెను చూశాడు. తన పాప పడిపోకుండా వెనుక సీటుకు ఆమె కుట్టి బిగించిన బెల్టును చూశాడు.

"అమ్మొద్దు బేటీ," అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు.

రెండేళ్ల కింద ఆమె మొగడు యుగేందర్ ఆ పాత ఇంగ్లీషు కారును ఎవరి దగ్గరో కొని, లారీలో తెచ్చి షెడ్డులో దించాడు. కాగితాలు తర్వాత మార్పించుకుంటానన్నాడు. ఇంజిను విప్పి పరిచాడు. తొమ్మిది నెలలకు జ్వరంతో దవాఖానకు పోయినవాడు తిరిగి రాలేదు.

అప్పటి నుంచి అది రేణుక కారే.

ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. మొగని పక్కన కూర్చొని చూసిన పనితోనే ఇంజినును మళ్లీ కూర్చింది. బ్రేకులు తానే చేసింది.

యుగేందర్ అన్న, బావ ఎల్లేశ్‌కు మాత్రం అది ఉత్త ఇనుము. ప్రతి వారం వచ్చి ఒకటే పాట. ఆడమనిషి షెడ్డుకు ఎవరొస్తారు, కారును తుక్కువాడికిచ్చి తాళం వెయ్యి, పాపను తీసుకొని ఇంటికి రా.

రేణుక కూడా ప్రతి వారం ఒకటే జవాబు చెప్పేది. రాను.

చివరికి ఎల్లేశ్ గడువు పెట్టాడు. హైదరాబాదు నుంచి పాత ఇంగ్లీషు కార్లవాళ్లు నెలాఖరు ఆదివారం జనగామ మీదుగా భూపాలపల్లికి టూరు పోతున్నారు. రేణుక ఫోన్ చేసి తానూ వస్తానంటే సరేనన్నారు. ఆ రోజు కారు కదలకపోతే సోమవారం తుక్కు బండి వస్తుందని ఎల్లేశ్ చెప్పాడు.

"కదుల్తది. నువ్వే ఎదురుంగ నిలబడి చూడు బావా," అంది రేణుక.

వారానికి ముసలాయన మళ్లీ వచ్చాడు. ఈసారి సంచిలో పాత ఇంగ్లీషు కార్లకు పట్టే ఇంచు కొలతల పానాలు తెచ్చాడు. మామూలు పానాలు ఈ బోల్టుల మూలలు అరగదీస్తాయని, ఇవి ఉంచుకోమని అన్నాడు. బ్యాటరీ కూడా బిగించి చూపిస్తానన్నాడు.

లోపల పాప ఏడ్చింది. రేణుక వెళ్లి, తిరిగి వచ్చి బానెట్ కిందికి తొంగి చూసింది.

బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చే ఎర్ర వైరు కారు బాడీకి బిగించి ఉంది.

ఆమె చేసిన ట్రాక్టర్లలో, ఆటోల్లో, మోటరు సైకిళ్లలో బాడీకి పోయేది ఎప్పుడూ మైనస్సే. ప్లస్ తగిలితే కాలుతుందని యుగేందర్ మొదటిరోజే నేర్పాడు.

"ఎవడు పంపిండు నిన్ను? మా బావనా, తుక్కోడా?"

"బేటీ, గీ బండికి గట్లనే..."

"నా బండి సంగతి నాకే చెప్తవా? ఇంకోసారి ముట్టినవంటే చేతులు ఇరుగుతయ్. నడువ్."

ముసలాయన నూనె చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. మానుకోట రైల్వే స్టేషన్ దగ్గర ఫకీర్ అహ్మద్ అంటే ఎవరైనా చెప్తారని, అవసరం పడితే రమ్మని చెప్పి, పానాలు అక్కడే వదిలి పోయాడు.

రేణుక వైర్లు మార్చి, మైనస్‌ను బాడీకి బిగించింది. తాళం తిప్పి స్టార్టరు గుంజింది.

ఇంజిను లేచింది.

రెండు నిమిషాలకు బానెట్ కింద నుంచి పొగ. వైర్లు కరిగాయి. డైనమో మాడింది.

కబురు విని ఎల్లేశ్ నవ్వుకుంటూ వచ్చాడు. సోమవారం దాకా ఎందుకు, తుక్కు బండిని రేపే పిలుస్తానన్నాడు.

రేణుక షెడ్డు తలుపుకు అడ్డంగా పీట వేసుకొని కూర్చుంది.

"ఆదివారం అన్నవ్. నీ మాట నువ్వే నిలుపుకో. వాడు ముందుగాల వచ్చిండంటే, గీ పానాతోని వాని టైర్లు ఇప్పుత."

మర్నాడు జనగామలో బ్యాటరీలు చేసే ఒక పెద్దమనిషి రేణుక తెచ్చిన కాలిన వైర్లు చూసి, ఏ కారో విని తల కొట్టుకున్నాడు. ఇట్లాంటి పాత ఇంగ్లీషు కార్లలో బాడీకి పోయేది ప్లస్సేనని, అది తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల ఒకరో ఇద్దరో మిగిలారని చెప్పాడు.

రేణుక ఆ వైర్లు సంచిలో వేసుకొని షెడ్డుకు తిరిగి వచ్చింది.

పది రోజులు పట్టింది. కొత్త వైర్లు వేసింది. డైనమోకు కొత్త వైండింగ్ చేయించింది. ముసలాయన పానాలతోనే ప్రతి బోల్టూ బిగించింది. చివర్న ఎర్ర వైరును బాడీకి తగిలించింది.

టూరుకు మూడు రోజుల ముందు పాపను వెనుక బెల్టులో కూర్చోబెట్టి, పెద్దవంగర మీదుగా మానుకోటకు తోలింది. తప్పయిందని చెప్పాలి. కారు ఎట్లా నడుస్తున్నదో ఆయనకు చూపించాలి.

స్టేషన్ దగ్గర అడిగి, ఆ ఇంటి ముందు ఆపిందో లేదో, ఇంజిను చప్పుడుకే తలుపు తెరుచుకుంది. ఒక పెద్దామె చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి వచ్చింది.

తాను ఫకీర్ అహ్మద్ భార్యనని, పేరు సఫియా బేగం అని చెప్పింది. ఆయన పోయి ఎనిమిది రోజులయిందని కూడా చెప్పింది.

రేణుక కారు పట్టుకొని నిలబడింది.

"నేను ఆయనను తిట్టి ఎల్లగొట్టిన అమ్మా."

"చెప్పిండు బేటీ. నవ్వుకుంటనే చెప్పిండు. ఆ పిల్ల చేతులకెళ్లి బండిని ఎవ్వడు గుంజుకోలేడు అన్నడు."

సఫియా బేగం లోపలికి పోయి ఒక కవరు తెచ్చింది. ఆ రోజు ఆయన దీన్ని జేబులో పెట్టుకొనే రేణుక దగ్గరికి వచ్చాడని, ఇచ్చేందుకు వీలు పడలేదని చెప్పి చేతిలో పెట్టింది.

అందులో మోరిస్ మైనర్ కాగితాలున్నాయి. ఓనరు పేరు ఫకీర్ అహ్మద్ అని ఉంది, వెంట ఉన్న ఫారంలో బండిని రేణుక పేరు మీదికి మార్చేందుకు ఆయన సంతకం ఉంది.