సున్నాలో ఏమీ లేదు

ప్లోవ్‌దివ్ ఆసుపత్రిలో స్తామెన్ తాతకు ఊపిరి పోస్తున్నది మంచం పక్కనున్న కృత్రిమ ఊపిరితిత్తి, ఒంట్లోని రక్తాన్ని గొట్టంతో బయటికి లాగి, ప్రాణవాయువు కలిపి తిరిగి పంపే యంత్రం. గొంతులో గొట్టం వల్ల మాట రాదు. ఉంగరంతో మంచం కమ్మీని టకటక కొడుతూనే ఉంటాడు, నర్సులం మాకు విసుగొచ్చేలా.

ఆ యంత్రంలో రక్తపు గడ్డ కనిపిస్తే, పెరుగుతోందో లేదో తెలిసేలా పైన మార్కర్‌తో సున్నా చుడతాం. సాయంత్రం నేనొకటి చుట్టాను. రాత్రి రక్తపరీక్షలో గడ్డల సూచిక రెట్టింపని రాగానే టార్చి వేసి చూశాను.

సున్నా ఉంది. లోపల గడ్డ లేదు!

"కరిగిందేమో అక్కా," అన్నాను.

"నీ మొహం! బఠాణీ గింజంత గడ్డ కరుగుద్దా? ఎటు పోయిందో చూడు," అంది నాతో డ్యూటీలో ఉన్న జ్లాతినక్క.

మా టార్చీలు రక్తం తిరిగి వెళ్లే గొట్టం వెంట పాకి, తాత ఒంటి దగ్గర ఆగాయి.

టకటక ఎప్పుడు ఆగిందో ఇద్దరం గమనించలేదు.