పున్నమి రాని గడియారం

"ఇరవై ఆరు... ఇరవై ఏడు... ఇరవై ఎనిమిది."

సుహాసిని పిన్నీసును మళ్లీ చీరకు పెట్టుకుంది. గడియారంలో చందమామ రెండు రోజులు చిన్నవాడయ్యాడు. స్నానాల గదిలో భర్త దివాకర్ ఇంకా పాడుతూనే ఉన్నాడు. ఒకప్పుడు రెండు చెంబులు కుమ్మరించుకుని బయటపడే మనిషి, ఈ మధ్య పెళ్లికొడుకులా అరగంట స్నానం చేస్తున్నాడు. ఒళ్లు బాగుపడితే శుభ్రం కూడా వస్తుంది కాబోలు అనుకుంది.

ఇదంతా ఎండాకాలం చివర్లో మొదలైంది. కేతేపల్లిలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే దివాకర్‌కు కళ్లు పచ్చబడ్డాయి. నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, "ఇంకో ఏడాది ఇట్లనే తాగినవనుకో, నీ లివర్‌కు వైండింగ్ చేసేటోళ్లు ఎవ్వరు లేరు" అంది.

గేటు దాటగానే దివాకర్ బేరం పెట్టాడు. "ఒక్కసారే బంద్ చేస్తే పాణం ఆగదు. నెలకొక్కసారి తాగుత. పున్నమి నాడు. గంతే."

"గా ఒక్కరోజు సుత ఎందుకు?"

"ఎదురుచూడనీకి ఏదన్న ఉండాలె గదనే!"

ఆ మాటకు సుహాసిని ఒప్పుకుంది. బస్టాండుకు పోయే దారిలో, గడియారాలు బాగుచేసే యోహాను దుకాణం అద్దాల పెట్టెలో ఆ గడియారం కనపడింది. ముళ్ల కింద చిన్న కిటికీ, అందులో నీలం రేకు, దానిమీద పసుపుపచ్చని చందమామ. రోజుకింత బయటికొస్తాడు, నిండుతాడు, మళ్లీ దాక్కుంటాడు.

"దీంతోని ఫాయిదా ఏంది?" అడిగింది సుహాసిని.

"ఏం లేదమ్మా," అన్నాడు యోహాను, అమ్ముకునేవాడు అనకూడని మాట. "ఇయ్యాల రేపు చూసుకోని మురిసిపోనీకే. గంటల ముల్లు, నిమిషాల ముల్లు మనల్ని ఉరికిస్తయి. గీయన ఒక్కడే నిమ్మళంగ నడుస్తడు."

"నాకు మాత్రం మస్తు ఫాయిదా ఉంది. గిండ్ల నిండితెనే నాకు పున్నమి," అని దివాకర్ అక్కడికక్కడే చేతికి పెట్టుకున్నాడు.

యోహాను గడియారం అంచున ఉన్న చిన్న గుండీ చూపించాడు. "ఆగిపోతే పిన్నీసుతోని గీడ నొక్కాలె. ఒక్క నొక్కుకు ఒక్క దినం. ముందుకే పోతడు, ఎనుకకు రాడు."

మొదటి పున్నమికి ముందురోజు, పప్పు తాలింపు పెడుతుండగా, సుహాసినికి బుర్ర వెలిగింది. వెనక్కి రాకపోతే ఏం? ముందుకే తోసి తోసి చుట్టూ తిప్పుకొస్తే సరి. అంగన్‌వాడీ పిల్లలకు అంకెలు నేర్పే మనిషికి లెక్క తప్పుతుందా? ముప్ఫై రోజుల చుట్టులో ఇరవై ఎనిమిది నొక్కులంటే, రెండు రోజులు వెనక్కి. ఆ రోజు నుంచి రోజు విడిచి రోజు, ఆయన స్నానానికి పోవడం, ఈమె పిన్నీసు తీయడం.

వానాకాలం కలిసొచ్చింది. ముసురు పట్టి ఆకాశం మూసుకుపోయింది. చిక్కల్లా రాఖీ పండుగ నాడు, దివాకర్ దోస్తు శ్రీశైలం రూపంలో వచ్చింది.

"నడువు. ఇయ్యాల పున్నమి," అన్నాడు శ్రీశైలం వాకిట్లోనే నిలబడి.

దివాకర్ మణికట్టు ముందుకు చాపాడు. "చూడు. ఇంక రెండు దినాలుంది."

"అరేయ్, గదే చేతికి రాఖీ ఉంది గదరా! రాఖీ అంటెనే పున్నమి!"

"మా చెల్లెకు తొందరెక్కువ. ముందుగాల్నే కట్టిపోయింది."

"క్యాలెండర్ల చూడు!"

"అది నిరుడు అచ్చేసింది. ఇది ఇప్పుడు నడుస్తాంది. నువ్వు దేన్ని నమ్ముతవ్?"

శ్రీశైలం జేబులోంచి ఫోను తీయబోయి, మానేసి, తల పట్టుకుని వెళ్లిపోయాడు. తలుపు వెనక సుహాసిని కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంత అమాయకుణ్ణి ఇచ్చినందుకు దేవుడికి దండం పెట్టింది.

"గీ చందమామ జర బద్దకస్తుడే," అన్నాడు దివాకర్ లోపలికొస్తూ.

"పైసలు పెట్టి కొన్నవు. భరించు," అంది ఆమె.

మూడు పున్నములు అలా గడియారంలోకి రాకుండానే పోయాయి. డాక్టరమ్మ కొత్త కాగితాలు చూసి, కళ్లజోడు తీసి, ఆయన ముఖం మళ్లీ చూసింది. "అసలు నువ్వేనా?" అంది. ఆ రాత్రి దివాకర్ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. సుహాసిని మాత్రం సగం అన్నంతోనే చెయ్యి కడుక్కుంది. కట్టుకున్నవాణ్ణి చిన్నపిల్లాణ్ణి చేసి ఆడిస్తున్నానన్న బాధ. చెప్పేస్తేనో? చెప్తే నవ్వుతాడో, పౌరుషానికి పోయి సీసా పడతాడో.

ఆ వారమే పందొమ్మిదో నొక్కు దగ్గర గుండీ లోపలికి పోయి ఇరుక్కుంది. చందమామ గోరంత అయి ఆగిపోయాడు. లోపల నీళ్ల చప్పుడు ఆగింది. ఆమె గడియారాన్ని బియ్యం డబ్బాలో పడేసింది.

"ఇయ్యాల పెద్ద మోటారు పనుంది," అన్నాడు దివాకర్, అంగీ గుండీలు పెట్టుకుంటూ. "గడియారం ఇంట్లనే ఉండనీ."

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, సుహాసిని నల్లగొండ బస్సెక్కింది.

యోహాను కంటికి అద్దం పెట్టుకుని మూత తెరిచాడు. పట్టకారుతో గుండీని పైకి లాగాడు. చక్రం పళ్లు చూసి తల ఊపాడు. ఆయన అడగకముందే సుహాసిని మొత్తం చెప్పేసింది, పున్నమి బేరం నుంచి బియ్యం డబ్బా దాకా. చెప్తూ చెప్తూ ఏడ్చింది.

"ఆయనకు తెల్వనియ్యకు అన్నా. తెలిస్తే మళ్ల తాగుతడు."

యోహాను కంటి అద్దం తీసి బల్లమీద పెట్టాడు.

"'మా ఇంటామె బొటనవేలు వాస్తాంది, గీ గుండీని జర మెత్తగ చెయ్యి' అని పోయిన నెల మీ ఆయనే తెచ్చిండమ్మా."