పదిహేడో నంబరు

“చూడమ్మా, నలభై గీతలు, నలభై పేర్లు. నలభై ఒకటోది ఎక్కడ రాయను, నా నుదుటి మీదా?” అంటూ గుమాస్తా రిజిస్టరును ఆమె వైపు తిప్పాడు.

ఇస్త్రీ బండామెకు చదువు రాదు. అయినా వంగి చూసింది. పక్కనున్న ఆమె కూతురు మాత్రం గీతల పక్కన ఉన్న అంకెల్ని పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటోంది.

ఆమె ఈ బడి మెట్లెక్కడం ఇది మూడోసారి. మొదటిసారి పుట్టిన తేదీ కాగితం లేదన్నారు, తెచ్చింది. రెండోసారి పాత బడి సర్టిఫికెట్ కావాలన్నారు, రెండు రోజులు బండి మూసి వెళ్లి అదీ తెచ్చింది. ఇప్పుడు చోటు లేదంటున్నారు. మూడో తరగతికి నలభై మందే అని పైనుంచి ఆర్డరు. శనివారం లెక్క పంపేశాక ఇక వచ్చే ఏడే. బడి లేకపోతే పిల్ల రోజంతా బొగ్గుల పెట్టె పక్కనే ఉండాలి. ఎడమ ముంజేతి మీద ఇప్పటికే ఒక కాలిన మచ్చ ఉంది.

“కిటికీ పక్క రెండో బల్ల మీద ఒక చోటు ఖాళీగానే ఉందిగా బాబూ. పోయినసారి నా కళ్లతో చూశాను.”

గుమాస్తా గొంతు తగ్గించాడు. అది ఒక పిల్ల చోటు. నాలుగు నెలలుగా రావడం లేదు. ఇక రాదు కూడా. కానీ తల్లో తండ్రో కారణం రాసి ఫారం మీద సంతకం పెడితే తప్ప పేరు కొట్టేయడానికి వీల్లేదు.

“పెట్టమని అడగొచ్చుగా?”

“ఆ తండ్రికి మూడుసార్లు ఫారం ఇచ్చానమ్మా. తీసుకుంటారు, మడిచి జేబులో పెట్టుకుంటారు. అంతే.”

“ఏం మనిషండీ! తాను తినడు, ఇంకొకర్ని తిననివ్వడు.”

అప్పుడే సుద్దముక్కల కోసం మూడో తరగతి మాస్టారు లోపలికి వచ్చారు. ఇస్త్రీ ఎరగని చొక్కా, ఒక గుండీ ఊడిపోయింది. పని నేర్చిన కళ్లు ఊరుకోవు. ఆమె ముందు ఆ ముడతల్ని చూసింది, తర్వాతే ముఖాన్ని. దండం పెట్టి, సంగతంతా మళ్లీ మొదటి నుంచీ చెప్పుకొచ్చింది.

“మీరైనా చెప్పండి సార్. ఒక్క సంతకానికి అంత బద్ధకమా ఆయనకి?”

“అమ్మా, ఇక చాలు” అన్నాడు గుమాస్తా కంగారుగా.

“అననివ్వండి” అన్నారు మాస్టారు. “బద్ధకమే కావచ్చు.”

“ఆయన ఇల్లు చూపించండి. కాళ్లు పట్టుకుంటాను.”

“వద్దమ్మా. కాళ్లు పట్టుకుంటే లొంగే రకం కాదు.”

సుద్దముక్కలు తీసుకుని ఆయన క్లాసుకి వెళ్లిపోయారు.

ఆమెకు ఇంటికి పోబుద్ధి కాలేదు. వరండా మెట్ల మీద కూర్చుంది. కూతురు కిటికీ చువ్వలు పట్టుకుని లోపలికి చూస్తోంది. మాస్టారు హాజరు తీసుకుంటున్నారు. ఆయన పేర్లు పిలవరు, నంబర్లే. పదిహేను. పదహారు. పదిహేడు.

ఎవరూ పలకలేదు. అల్లరి పిల్లలు కూడా కిక్కురుమనలేదు. మాస్టారు తల ఎత్తలేదు. పెన్ను ఆ గడి మీదే ఆగి ఉంది.

ఎవరూ పలకని నంబరు ఎవరిదీ కాదనుకుంది కిటికీ బయటి పిల్ల.

“వచ్చాను సార్.”

ముప్పై తొమ్మిది తలలు కిటికీ వైపు తిరిగాయి. తల్లి ఒక్క అంగలో వచ్చి పిల్ల వీపు మీద ఒకటి వేసింది. మాస్టారు బయటికి వచ్చేసరికి, దానికి ఇంకా బుద్ధి రాలేదని, ఈ ఒక్కసారికి మన్నించమని బతిమాలుతోంది.

“కొట్టకమ్మా” అన్నారాయన. “నాలుగు నెలలుగా రోజూ పిలుస్తున్నాను. ఇవాళ జవాబొచ్చింది. నేనే మీ పాపకి థాంక్స్ చెప్పాలి.”

వంగి, ఆ నంబరే ఎందుకు కావాలనిపించిందని పిల్లని అడిగారు.

“ఎవరూ తీసుకోలేదుగా సార్.”

ఆయన తలాడించారు. మర్నాడు రమ్మని, ఈలోగా ఆ తండ్రిని తానే అడుగుతానని ఆమెతో చెప్పారు.

మర్నాడు శనివారం. ఆమె వచ్చేసరికి మాస్టారు ఆఫీసు గదిలోనే ఉన్నారు. ఆయన ఇచ్చిన ఫారం నాలుగు మడతలు పడి, అంచులు నలిగిపోయి ఉంది. గుమాస్తా దాన్ని విప్పి చదివి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రిజిస్టరు తెరిచి, స్కేలు పెట్టి, ఒక పేరు మీద ఎర్ర సిరాతో గీత గీశాడు. దాని పైన కొత్త పేరు రాశాడు.

“అదే నంబరా సార్?” అంది పిల్ల.

“అదే.”

“ఆ అమ్మాయికి కోపం రాదా?”

“రాదు. ఉన్న రబ్బరు కొరికి సగం పక్కవాళ్లకిచ్చే రకం.”

ఇస్త్రీ బండామె కొంగుతో కళ్లు తుడుచుకుంది. నిన్న నోరు జారానని, ఆ పెద్దమనిషి చెవిన పడి ఉంటే ఏమీ అనుకోవద్దని చెప్పమంది.

“ఆయన చల్లగా ఉండాలి సార్. ఆయన పిల్ల ఎక్కడున్నా చల్లగా ఉండాలి.”

“చెప్తానమ్మా.”

“ఆయన బట్టలు నాకు పంపించండి, ఏడాదంతా ఊరికే ఇస్త్రీ చేసిపెడతాను. మీవి కూడా తెండి. ఆ చొక్కా చూస్తుంటే నా చేతులు దురదపెడుతున్నాయి.”

మాస్టారు నవ్వారు. “రెండూ ఒకే మూటలో తెస్తాను” అన్నారు.

గంట కొట్టారు. పిల్ల వెళ్లి కిటికీ పక్క రెండో బల్ల మీద కూర్చుంది. కాసేపటికి ‘పదిహేడు’ అన్న పిలుపూ, వెంటనే దానికి జవాబూ ఆఫీసు గది దాకా వినిపించాయి.

గుమాస్తా ఫారాన్ని ఫైల్లో పెట్టబోతూ మరోసారి చూశాడు. కారణం అన్న చోట ‘మరణం’ అని రాసి ఉంది.

తండ్రి సంతకం మాస్టారిది.