మొదటి కాలు

"చెప్పు వదినా, మొదటి కాలు ఎటు?"

మరిది ఆమె ఎడమచేతిని బల్లకేసి అదిమిపట్టి, పొగలు కక్కుతున్న సోల్డరింగ్ ఐరన్‌ను చిటికెనవేలి దగ్గరికి తెచ్చాడు. ఆమె ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు షట్టరును వచ్చీరాగానే తనే కిందికి లాగేశాడు.

"ఆడవాళ్లమీద ప్రతాపం చూపించడం మీకేం కొత్త కాదుగా మరిదిగారూ!"

వేలు చుర్రుమంది. ఆమె కేక షట్టరుకి కొట్టుకుని లోపలే ఉండిపోయింది.

నిన్న పొద్దున అతని పెళ్లాం, అంటే ఈమె చెల్లెలు, ఒళ్లంతా వాతలతో కారెక్కి పారిపోయింది. సాయంత్రానికి కారు వీధి చివర ఖాళీగా కనిపించింది. ఎక్కడెక్కడ ఆగిందో కారులోని ట్రాకర్ పెట్టెకు తెలుసు. ఆ పెట్టెను ఆవేశంలో బండరాయితో బద్దలుకొట్టింది కూడా ఈ మహానుభావుడే! ఇక మిగిలింది అందులోని మెమరీ చిప్ ఒక్కటే. వేలిగోరంత నల్లముక్క, ఎనిమిది కాళ్లు. ఇప్పుడే వదిన చేత ఊడదీయించి బల్లమీద పెట్టించాడు.

"దీన్ని చదివే ఆ రీడర్‌లో మొదటి కాలు చూడకుండా తిప్పి పెడితే మాడిపోతుందటగా! పక్కవీధి మెకానిక్ చెప్పాడు. నా చెవిలో పువ్వులు పెట్టాలని చూడకు."

"అంత తెలిసినవాణ్ణి ఆ మొదటి కాలేదో కూడా అడక్కపోయారా?"

పిడికిలితో మూతిమీద గుద్దాడు. పెదవి చిట్లింది. ఆమె బొటనవేలితో మూతి తుడుచుకుని, చిప్ అందుకుని, దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ బల్లమీద పెట్టింది.

"నా చెల్లెలి జోలికి వెళ్లకండి. మీకు పుణ్యముంటుంది."

"దొరకనీ, రెండు కాళ్లూ విరగ్గొట్టి మూల కూర్చోబెడతాను. అప్పుడెలా పారిపోతుందో చూస్తా! ఊఁ, ఎటు?" ఐరన్ ఈసారి ఉంగరం వేలి మీద ఆనింది.

"అయ్యో! చెబుతాను, చెబుతాను! ఇదిగో, ఈ కొస!" ఆమె ఏడుస్తూ చిప్‌లో ఒక చివర చూపించింది.

మరిది వంగి చూశాడు. ఆమె చూపించిన కొసన ఏ గుర్తూ లేదు. అవతలి కొసన మాత్రం ఆవగింజంత ఎర్రచుక్క ఉంది. పక్కన ట్రేలో ఉన్న చిప్‌లు చూశాడు. ప్రతిదానికీ ఒక కొసన ఎర్రచుక్క! వదిన ఏ చిప్ ఊడదీసినా మొదటి కాలి దగ్గర గోళ్లరంగుతో చుక్క పెడుతుందని పెళ్లాం ఎప్పుడో గొప్పగా చెప్పడం గుర్తొచ్చింది.

అయినా తొందరపడలేదు. తనంత తెలివైనవాడు ఆ వంశంలోనే లేడు మరి! ట్రేలోంచి ఒక చిప్ తీసి, చుక్కను రీడర్ మీదున్న ఒకటో అంకె వైపు ఉంచి మీట నొక్కాడు. పచ్చ దీపం వెలిగింది.

"నన్నే బురిడీ కొట్టిద్దామనుకున్నావా? ఎంత గుండె నీకు!" ఈసారి చెంప పగిలింది. ఆమె కుర్చీతో సహా కిందపడింది.

అతను ట్రాకర్ చిప్‌ను అందుకుని, ఎర్రచుక్క ఒకటో అంకె వైపు వచ్చేలా పెట్టి మీట నొక్కాడు.

టప్పుమంది. సన్నటి పొగ లేచింది. చిప్ నడుమ బొబ్బలా ఉబ్బి పగిలింది. పెళ్లాం జాడ కాలిన వాసనై గదంతా నిండింది.

"ఏం చేశావే?" జుట్టు పట్టి ఆమెను పైకి లేపాడు. "చుక్క చూసుకునే పెట్టాను కదా!"

"నేను నిజమే చెప్పాను, మీరే నమ్మలేదు. దీనికసలు నేను రంగే పెట్టలేదు మరిదిగారూ," అంటూ ఆమె చిట్లిన పెదవి మళ్లీ తుడుచుకుని, ఎర్రబడిన బొటనవేలు అతని కళ్లముందు ఆడించింది. "ఆ చుక్క ఇందాక మీరు నా మూతి పగలగొడితే వచ్చింది."