విమర్శకోశానికి ఊ కొట్టిందెవరు

పినపాక అవతల, అడవి అంచున, ముసలి జంపక్క ఇంట్లో భార్గవి ఓ గది కిరాయికి తీసుకుంది. మర్నాడే లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. చీకటి పడగానే ఇటుకంత లావున్న సాహిత్య సిద్ధాంతాల కోశం ముందేసుకుని పైకి చదవడం మొదలుపెట్టింది.

వాకిట్లో ఆరబోసిన ఇప్పపూలు ఎత్తుతున్న జంపక్క చేట పక్కనపెట్టి పరుగున వచ్చి ఎదుట కూర్చుంది.

"చీకట్ల ఒక్కదానివే సదవకు బిడ్డా. ఎదురుంగ మనిషి ఊ కొట్టాలె. లేకుంటే అడివి ఊ కొడతది."

"ఇది కథ కాదవ్వా, నిర్మాణవాదం," అంది భార్గవి నవ్వుతూ.

"ఏదైతే ఏంది? నువ్ సదువు."

నిర్మాణవాదానికి ఊఁ. వినిర్మాణానికి ఊఁ. యూనివర్సిటీలో కూడా తన మాట ఇంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. భార్గవికి మహా హుషారొచ్చింది. చేతులు తిప్పుతూ, క్లాసు చెబుతున్నట్టే చదివింది.

"చదివేవాళ్లు లేనిదే ఏ రచనా పూర్తి కాదు."

"ఊఁ."

పేజీ తిప్పుతూ తలెత్తింది. జంపక్క గోడకి ఒరిగి, నోరు తెరుచుకుని గురక పెడుతోంది. ఆ గురక సాగుతుండగానే ఇంకో ఊఁ వినిపించింది. కిటికీ బయట, చెట్ల వైపునుంచి.

భార్గవి చటుక్కున పుస్తకం మూసేసింది. కీచురాళ్లు కూడా ఆగిపోయాయి.

అప్పుడు కిటికీ అవతల ఎవరో మొహమాటంగా గొంతు సవరించుకున్నారు.

"గా వినిర్మాణం ఇంకొక్కపారి సదువు బిడ్డా. సమజ్ కాలే."